వాక్యం అప్పజెప్పిన పిల్ల

నేను పనిచేసిన కాలేజీలో ఇప్పుడు తెలుగు చెప్తున్న అమ్మాయి ఈమధ్య ఫోన్ చేసింది. వార్షికోత్సవానికి నా ఏకపాత్ర మళ్లీ ఒకసారి వేయమని అడిగింది. "మీరు వేస్తే పిల్లలకి ధైర్యం వస్తుంది మేడమ్" అంది. ఒంట్లో బాగోలేదని తప్పించుకున్నాను. నా ఒంటికేం కాలేదు, శుభ్రంగానే ఉన్నాను. ఆ అమ్మాయికీ, ఆమెలాగే కొత్తగా ఉద్యోగాల్లో చేరి పిల్లల ముందు నిలబడుతున్న మీ అందరికీ అసలు సంగతి చెప్పేస్తే మంచిదనిపించింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను.

నా ఉద్యోగంలో చివరి సంవత్సరాలు మొగల్తూరు వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గడిచాయి. చుట్టూ రొయ్యల చెరువులు, వాటి వెనకాలే రొయ్యలు శుభ్రం చేసే ప్లాంట్లు. ఆడపిల్లలు ఫస్టియర్‌లో చేరేవారు, దసరా దాటేసరికి సగం బెంచీలు ఖాళీ అయ్యేవి. తెల్లారకుండానే ప్లాంటు వ్యాను వచ్చి వాళ్లని ఎక్కించుకునేది. అక్కడ నిలబడి రొయ్యల తలలు తీసీ తీసీ, వచ్చినవాళ్లు కూడా క్లాసులో కునికిపాట్లు పడేవారు.

దీనికేదో ఒకటి చెయ్యాలని ప్రిన్సిపాల్ గారు మీటింగు పెట్టారు. ఎకనామిక్స్ మేడమ్ ఒక మాట అంది. ప్లాంటు వాళ్లతో మాట్లాడి, చదువుకునే పిల్లల మట్టుకు షిఫ్టు మార్పించగలిగితే కొంతమందైనా నిలబడతారు అని. అందరూ తలూపారు. అప్పుడు మా ఫిజిక్స్ మాస్టారు అందుకున్నారు. ఆయన పదెకరాల రైతు కుటుంబంలోంచి వచ్చిన మనిషి, మనసులో కల్మషం లేనివాడు, అందరికీ సాయం చేసేవాడు. షిఫ్టులు మారిస్తే లాభం లేదండీ, పిల్లల్లో పట్టుదల రావాలి, అందుకు మన మధ్యనే ఒక ఉదాహరణ ఉంది కదా అని నావైపు చూపించారు. కూలి చేసుకునే తల్లి కడుపున పుట్టి, బోర్డింగులో చదివి, లెక్చరర్ అయిన మనిషిని పెట్టుకుని వేరే పాఠాలెందుకన్నారు. షిఫ్టుల మాట అక్కడితో ఆగిపోయింది. నేను టీ తాగుతూ నవ్వాను. నాకు చాలా బాగుంది ఆ మాట.

అలా పుట్టింది నా ఏకపాత్ర.

రాయడం నాకు కష్టం కాలేదు. ఆడటం నేర్పింది మా ల్యాబ్ అటెండరు. ఆయన వయసులో ఉన్నప్పుడు పరిషత్తు నాటకాల్లో చిన్న చిన్న వేషాలు వేసిన మనిషి. ఒక్కళ్లే నలుగురి వేషాలూ వేసేటప్పుడు చూపు ముఖ్యమనేవాడు. పిల్లగా మాట్లాడేటప్పుడు తలెత్తి చూడాలి, పెద్దగా మాట్లాడేటప్పుడు దించి చూడాలి, ఒక అడుగు పక్కకి వేస్తే మనిషి మారిపోవాలి. జనం నవ్వితే తొందరపడి మాట్లాడెయ్యకూడదు, నవ్వు అయ్యేదాకా ఆగాలి. సాయంత్రాలు కెమిస్ట్రీ ల్యాబులో బల్లలు పక్కకి జరిపి నా చేత చేయించేవాడు.

నాటకంలో ముఖ్యమైన ఘట్టాలు రెండు. మొదటిది మా అమ్మ పొలం నుంచి ఇంటికి రావడం. నడుం వంచి, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, పక్కకి ఒరుగుతూ నడిచేదాన్ని. నడుస్తూ కామందు గారిని తిట్టుకునేదాన్ని. ఆ నడకకి పిల్లలు పగలబడి నవ్వేవారు. నవ్వుతున్నారు కదా అని ప్రతిసారీ ఇంకొంచెం వంగేదాన్ని.

రెండోది బోర్డింగు సీటు ఘట్టం. మా పేట చర్చికి బోర్డింగు వార్డెనమ్మ గారు వస్తారు. ఊరికొక ఆడపిల్లనే తీసుకెళ్తారు. పాస్టరు అయ్యగారు పిల్లల్ని వరసలో నిలబెట్టి కంఠస్థం చేసిన బైబిలు వాక్యాలు అప్పజెప్పమంటారు. పరికిణీ కట్టుకున్న బక్కపిల్ల ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, తలెత్తి, పొడుగాటి వాక్యం ఒక్క తప్పు లేకుండా గడగడా చెప్పేస్తుంది. వార్డెనమ్మ గారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "ఈ పిల్ల చదువుకుంటుంది" అంటారు. ఇక్కడ హాలంతా చప్పట్లు మోగేవి. ఎన్నిసార్లు ఆడినా ఆ చోట నా కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగేవి.

నాటకానికి పేరొచ్చింది. పాలకొల్లులో ఆడాను, తణుకులో రెండు కాలేజీల్లో ఆడాను. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లయితే అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రుల ముందు వేయించారు. శాలువాలు కప్పారు. స్టాఫ్ రూములో ఎవరైనా స్కాలర్‌షిప్పుల గురించో, రిజర్వేషన్ల గురించో మాట్లాడితే, తెలివీ కష్టపడే గుణమూ ఉంటే ఎవరైనా పైకి రావచ్చండీ, మేడమ్ గారు రాలేదూ అనేవారు ఫిజిక్స్ మాస్టారు. అలా కాదు మాస్టారూ అని నేను ఒక్కసారీ అనలేదు. నన్ను పొగుడుతున్న మాటని కాదనడానికి నాకు నోరు రాలేదు.

నా క్లాసులో సెకండియర్ చదివే ఒక అమ్మాయి ఉండేది. తెలుగు పద్యం ఒకసారి వింటే చాలు, మళ్లీ చెప్పేది. ప్లాంటుకి వెళ్లొచ్చి కూడా క్లాసు మానేది కాదు. నా నాటకం మా కాలేజీలో ఆడిన తరవాత కొద్దిరోజులకి ఆమె రావడం మానేసింది. నేను వాళ్లింటికి వెళ్లాను. నాటకం వేసే మనిషిని కదా, నేను వెళ్లి చెప్తే వచ్చేస్తుందని ధీమా. పిల్ల గుమ్మంలో నిలబడి చాలా మర్యాదగా మాట్లాడింది.

"నేను మీలాగ కాదు మేడమ్. మీ నాటకం చూశాక నాకు తెలిసింది. నిజంగా తెలివి ఉన్నవాళ్లకి ఇవేవీ అడ్డం రావు. నాకు అడ్డం వస్తున్నాయంటే నాకు తెలివి లేదనేగా."

అలా అనుకోకూడదమ్మా, పట్టుదల ఉండాలి అని ఏదో చెప్పి వచ్చేశాను. దారిలో నాకు ఆ పిల్ల మీద కోపం కూడా వచ్చింది, నాటకం సరిగా అర్థం చేసుకోలేదని.

ఆ వేసవిలోనే నేను చదివిన బోర్డింగు స్కూలు పాత విద్యార్థుల సభ రాజమండ్రిలో పెట్టారు. నన్ను ఏకపాత్ర వేయమన్నారు. మా అక్క తనూ వస్తానంది. అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. మా ఊళ్లోనే ఉండిపోయింది, ఊడ్పులకీ కలుపులకీ కోతలకీ వెళ్తూనే బతికింది. నా నాటకం గురించి వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. ముందు వరసలో కుర్చీ వేయించి కూర్చోబెట్టాను. పక్కనే చక్రాల కుర్చీలో మా పాత వార్డెనమ్మ గారు. చాలా పెద్దావిడ అయిపోయారు, కానీ చూపూ మాటా చెక్కుచెదరలేదు. ఆవిడ ముందు ఆవిడ వేషమే వేయబోతున్నానని నాకు ఒకటే సంబరం.

ఆ రోజు బ్రహ్మాండంగా కుదిరింది. నడకకి నవ్వారు, వాక్యానికి చప్పట్లు కొట్టారు. అయిపోయాక ఫోటోల కోసం జనం మూగారు. వాళ్లని తప్పించుకుని వార్డెనమ్మ గారి దగ్గరికి వెళ్లి కాళ్లకి దణ్ణం పెట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారు. నా గొంతు బాగుందన్నారు, తనని మరీ పొడుగ్గా చూపించానని నవ్వారు. తరవాత, అందులో ఏ ఎత్తిపొడుపూ లేకుండా, మరిచిపోయిన సంగతి గుర్తు చేసినట్టు అన్నారు.

"కానీ ఆ వాక్యం చెప్పింది నువ్వు కాదు కదమ్మా. పెద్దమ్మాయి కదా."

నేను నవ్వేశాను. వయసు మీదపడి పొరబడుతున్నారనుకున్నాను. ఆవిడ పక్కకి తిరిగి అక్కని చూసి, "నువ్వేనా?" అని అడిగారు.

"నేనేనండి" అంది అక్క.

ఆవిడకి అంతా గుర్తుంది. పెద్దమ్మాయి వాక్యం మొత్తం అప్పజెప్పింది. చిన్నమ్మాయి రెండో మాట దగ్గరే ఆగిపోయి, ఏడ్చి, వెళ్లి తల్లి కొంగులో దూరింది. వార్డెనమ్మ గారు పెద్దమ్మాయినే పంపమని అడిగారు. అప్పుడు మా అమ్మ ఏమందో ఆవిడ మాటల్లోనే చెప్తాను.

"మీ అమ్మ చేతులు జోడించి, పెద్దది ఊడ్పులకి వస్తుందండి, చిన్నది బక్కప్రాణం, దీనివల్ల నాకు ఉపయోగం లేదండి, చిన్నదాన్ని తీసుకెళ్లండి అంది. నాకు ఎవరో ఒకరిని తీసుకెళ్లాలి కదా. సరే అన్నాను. నువ్వు కూడా బాగానే చదువుకున్నావులే."

ఆవిడ చివరి మాట నన్ను ఓదార్చడానికి అన్నదే. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు, పాత ముచ్చట కదా అన్నట్టు. నేనూ నవ్వాను. నా చేతిలో శాలువా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

మీరు నమ్ముతారో లేదో గాని, నేను అబద్ధం చెప్పాలని ఆ ఘట్టం రాయలేదు. నాకు అలాగే గుర్తుంది. ఆ చల్లటి గచ్చూ, కట్టుకున్న చేతులూ, గొంతులోంచి వాక్యం బయటికి రావడం, అన్నీ నాకు జరిగినట్టే గుర్తు. ఆ వాక్యాన్ని వారం రోజులపాటు మా అరుగు మీద కూర్చుని అక్క వల్లెవేస్తుంటే నేను పక్కన కూర్చుని విన్నాను. ఆ గొంతు ఎప్పుడు నాదైపోయిందో తెలియదు. తరవాత జీవితంలో నాకు వచ్చిన ప్రతి మంచికీ ఆ రోజునే కారణంగా చెప్పుకుంటూ వచ్చాను కాబట్టి, అది నాదే అయితీరాలి.

తిరుగు బస్సులో అక్కా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. రావులపాలెం దాటాక, నీకిదంతా ఎప్పుడూ గుర్తుందా అని అడిగాను. ఉంది అంది. మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం అని అడిగాను. చెప్పుకోవడానికి ఏముందందులో, నేను పొలానికి వెళ్లబట్టే కదా నువ్వు సెలవులకి ఇంటికొస్తే అన్నం ఉండేది అంది. కోపంగా అనలేదు. కిటికీలోంచి చూస్తూ, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అంది.

తణుకు వచ్చింది. అప్పుడు తనే అడిగింది.

"నాటకంలో అలా వంగి నడిచావు కదా, అది ఎవరు?"

"అమ్మ" అన్నాను.

"అమ్మ అలా ఎప్పుడు నడిచిందే? అమ్మ నిటారుగా నడిచేది. పోయేనాటికి కూడా నడుం వంగలేదు. అది నా నడక."

అక్క మోకాళ్లు అరిగి చాలా ఏళ్లైంది. పండక్కో పెళ్లికో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ నడకని చూస్తూనే ఉన్నాను. ల్యాబులో ప్రాక్టీసు చేసేటప్పుడు అది నా ఒంట్లోకి ఎలా వచ్చిందో నేను ఒక్కసారీ ఆలోచించలేదు. ముందు వరసలో కూర్చుని, వెనకాల హాలంతా నవ్వుతుంటే, అక్క తన నడకని తనే చూసుకుంది. పాలకొల్లు బస్టాండులో దిగి, మా ఊరి ఆటో దాకా ఆమె నాకంటే ముందు నడిచింది. నేను వెనక నుంచి చూడలేక తల దించుకుని నడిచాను.

ప్లాంటుకి వెళ్లే ఆ అమ్మాయి ఇంటికి నేను మళ్లీ వెళ్లాను. తాళం వేసి ఉంది. కాకినాడ వైపు ఏదో ప్లాంటులో పని దొరికి ఇల్లంతా కలిసి వెళ్లిపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. ఆమెకి ఏం చెప్పాలని వెళ్లానో అది నా దగ్గరే ఉండిపోయింది.

ఆ సెలవుల్లో నాటకాన్ని తిరగరాశాను. ఈసారి అందులో అక్క ఉంది. వాక్యం చెప్పిన పిల్ల అక్క, పొలానికి వెళ్లిన పిల్ల అక్క. చెల్లెలు ఏడుస్తూ కొంగులో దూరుతుంది. చివర్లో చెల్లెలు అక్క చేతులు పట్టుకుని జనం ముందు క్షమించమని అడుగుతుంది. రాసేటప్పుడు ఎంత ఏడ్చానో. ముందు నాటకం కంటే ఇది చాలా గొప్పగా వచ్చిందని కూడా అనిపించింది. ఆ సంగతి కూడా దాచకుండా చెప్తున్నాను.

ఆ కాగితాలు పట్టుకుని ఊరెళ్లాను. అక్క పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నీడలో కూర్చోమని పీట వేసింది. నేను చదివి వినిపించాను. అక్క పని ఆపకుండా మొత్తం విన్నది. అయిపోయాక చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"బాగానే ఉంది గాని, వద్దు."

ఎందుకని అడిగాను. ఇది నీకు న్యాయం చెయ్యడానికే కదా అన్నాను.

"నువ్వు గొప్పదానివని చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ నా వాక్యం పనికొచ్చింది, నా నడక పనికొచ్చింది. నువ్వు మంచిదానివని చెప్పుకోవడానికి ఇప్పుడు మళ్లీ నేనే పనికిరావాలా? నన్ను ఇంకోసారి స్టేజీ ఎక్కించకే. ఊళ్లో నలుగురూ నన్ను చూసి అయ్యో అనుకోవడం నాకొద్దు. నా గురించి చెప్పనని మాటివ్వు."

మాటిచ్చాను. ఇప్పుడిది రాస్తూ ఆ మాట తప్పుతున్నానని నాకు తెలుసు. అక్క లేచి నాకు కాఫీ పెట్టింది. వెళ్లేటప్పుడు ఎండుచేపలు పొట్లం కట్టి సంచిలో పెట్టింది. ఎప్పుడూ పెట్టేదే. ఆ రోజు ఆ సంచి పట్టుకోవడానికి చెయ్యి రాలేదు, పట్టుకోకపోతే ఇంకా బాధపడుతుందని పట్టుకున్నాను.

నేను రిటైరయ్యే ఏడాది వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ గారు ఆఖరిసారి నాటకం వేయమన్నారు. కాదనడానికి కారణం చెప్పాలి, కారణం చెప్తే అక్క గురించి చెప్పాలి. అందుకని ఒప్పుకున్నాను. ఆ వంగిన నడక తీసేశాను. అమ్మని నిటారుగా నడిపించాను, ఎవరూ నవ్వలేదు. తెర పక్కన నిలబడ్డ అటెండరు ఏదో మరిచిపోయాననుకుని చేత్తో నడుం చూపించి సైగ చేశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

వాక్యం ఘట్టం వచ్చింది. చేతులు కట్టుకుని తలెత్తి మొదలుపెట్టాను. రెండో మాట దగ్గర ఆగిపోయాను. కావాలనే ఆగాను. తరవాత వేషం వదిలేసి, నేను నేనుగా పిల్లలతో మాట్లాడాను. ఆ రోజు నాకు వాక్యం రాలేదనీ, ఇంకొక పిల్లకి వచ్చిందనీ, నేను పొలం పనికి పనికిరానని నన్ను పంపించారనీ, తెలివికీ దానికీ ఏ సంబంధమూ లేదనీ చెప్పాను. ఆ తరవాత నేను కష్టపడి చదివిన మాట నిజమే గాని, కష్టపడటానికి నాకు ఒక చోటు దొరికిందని చెప్పాను. మీలో ఎవరికైనా ఆ చోటు దొరక్కపోతే అది మీ తెలివితక్కువతనం కాదు అన్నాను.

ఫిజిక్స్ మాస్టారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. తరవాత ఆయన నాతో, పిల్లల్ని అలా డీలా పరచకూడదు కదండీ అన్నారు, ప్రేమగానే. ప్రిన్సిపాల్ గారు మైకు తీసుకోబోతుండగా వెనక వరసలోంచి ఫస్టియర్ పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"మేడమ్, మరి ఆ వాక్యం చెప్పిన అమ్మాయి ఏమైందండి?"

సభలో పిల్లలు అలా లేచి అడగరు. ఆ పిల్ల అడిగేసింది. అందరూ నావైపు తిరిగారు. జవాబు నా నోటి దాకా వచ్చింది. ఆవిడ ఈ వేళప్పుడు కూడా కలుపులో వంగి ఉంటుందమ్మా, లేవాలంటే మోకాలి మీద చెయ్యి ఆనించి లేవాలి, ఆవిడకి ఆ వాక్యం ఇప్పటికీ ఒక్క తప్పు లేకుండా వచ్చు. ఆ పిల్లకి చెప్పాల్సినది అదే. నేను అక్కకిచ్చిన మాట కూడా నిజమే.

అక్కకిచ్చిన మాట కోసమే ఆగానని చెప్పుకోగలిగితే బాగుండును. అంతమంది ముందు, ఉద్యోగంలో నా ఆఖరి సభలో, ఆ మాట పైకి అనడానికి నాకు ధైర్యం చాలలేదు కూడా. ఆ రెంటిలో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఏం చెప్పకుండా ఊరుకున్నా సరిపోయేది. నేను ఊరుకోలేదు.

"బాగానే ఉందమ్మా. చాలా బాగుంది" అన్నాను.

పిల్ల మొహం విప్పారింది, కూర్చుంది. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. ముందు వరసలో ఎవరో మొదలుపెట్టారు, తరవాత అందరూ అందుకున్నారు. నేను అన్నేళ్లలో ఎన్నో సభల్లో ఆడాను గాని, అంతసేపు చప్పట్లు ఎప్పుడూ వినలేదు.